చింతపండు ధరలో నేను ఆపిన వరుస

ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది అబద్ధం కూడా కాదు. అందుకే ఇంత బరువేమో.

నేను పిల్లలు పుట్టాక అక్షరాలు దిద్దినదాన్ని. సత్తుపల్లిలో అడవి సరుకు కొనే కంపెనీలో ఊడ్చే పనికి చేరి, కంప్యూటర్ ముందుకు వచ్చాను. ఏ ఊరి సరుకుకు ఏ ధర కట్టాలో గ్రూవీ అనే కంప్యూటర్ భాషలో వరుసలుగా రాయడం నా పని. రాత సరిగ్గా ఉందో లేదో చూడటానికి చెక్ బటన్ ఉండేది. ఎర్రగా వస్తే తప్పు. పచ్చగా వస్తే ఆ ధర అన్ని కాంటాల దగ్గరికీ వెళ్తుంది.

చర్ల వైపు అడవి లోపలి ఊళ్ల చింతపండుకు దారి ఖర్చు కలిపే వరుస రాశాను. ఎర్ర. మళ్లీ రాశాను. ఎర్రే. పక్క సీట్లోని సుజాతను అడిగితే చెప్పేది. ఎందుకు అడగలేదు? ‘ముసల్దానికి పలక గావాల్నంట’ అని నవ్విన నోళ్లు ఆ గదిలోనే ఉన్నాయి. ఆ వరుస ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టాను. అలా పెడితే యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. పచ్చ వచ్చింది. తర్వాత సరిచేద్దామనుకున్నాను. మళ్లీ ఎర్ర చూడాలంటే భయమేసి తెరవలేదు. అడవి దారిలో నెత్తిన మోసుకొచ్చిన ఆడవాళ్లకు ఆ కాలమంతా రోడ్డు పక్క ఊళ్ల ధరే పడింది.

వాళ్లు వచ్చి నిలదీశాక మేనేజర్ నన్నూ సుజాతనూ పిలిచాడు; ఆ ధరల రాత తెరిచే వీలు మా ఇద్దరికే ఉండేది.

“ఏందక్కా, గిట్లెట్లయింది?”

“నేను చెక్ చేసినప్పుడు పచ్చగనే ఉండె సార్.”

“అంటే, తర్వాత సుజాత కెలికిందన్నట్టు.”

“అక్కా, నువ్వన్నా చెప్పు. నేను దాన్ని తెరవనే లేదు,” అంది సుజాత.

“ఏమో సార్, నాకేం ఎరుక,” అన్నాను.

సుజాత ఉద్యోగం పోయింది. నాది ఉంది.

తిట్టుకోండి. జాలి మాత్రం పడకండి. పాపం, ఆలస్యంగా చదువుకుంది, తెలియక చేసింది అనకండి. తెలిసే చేశాను. ఆ బటన్ రాత పొందికనే చూస్తుందని, ఎవరి నోటి దగ్గర కూడు తీశామో చూడదని నాకు బాగా తెలుసు. దాని గుడ్డితనం వెనక దాక్కున్నాను. అక్షరం వచ్చినవాళ్లకే దొరికే చాటు అది. నన్ను వెక్కిరించినవాళ్లూ అక్కడే దాక్కుంటారు, వాళ్లు ఒప్పుకోరు.

క్షమించమని సుజాతను అడగను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు వేసినట్టే. ఇది చదివి ఆఫీసులో ఎవరైనా నన్ను గుర్తుపడితే పట్టనీ. ఆ వరుసను ఆపింది నేను. సుజాత కాదు. ఇంతే. రాసేశాను, ఊపిరి లోపలి దాకా పోతోంది.