ముగ్గురు హీరోలకు దిష్టి

ఆ రోజుల్లో మాకు పనికంటే పంతాలు ఎక్కువ. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో నాకు కొత్తగా ఉద్యోగం (మిర్చి బస్తాల మీద నంబర్లు వేయడాన్ని మా అమ్మ ఉద్యోగమనే చెప్పుకునేది). బాబాయి అక్కడే హమాలీల మేస్త్రీ, నాకంటే నాలుగేళ్ళే పెద్ద. మేం పిచ్చిగా అభిమానించే ఇంగ్లీషు సూపర్ హీరో ఒకడుండేవాడు. ఆ వేషాన్ని వరసగా ముగ్గురు నటులు కట్టారు. బాబాయి మొదటివాడి మనిషి, నేను రెండోవాడి మనిషిని, మా బావ మూడోవాడి మనిషి. ఆ దొరలకు మా ఊరు ప్రత్తిపాడు ఎక్కడుందో కూడా తెలియదు. వాళ్ళ కోసం మేం మాత్రం నెల రోజులు మాటలు మానేశాం.

అంతలో ముగ్గురూ ఒకే సినిమాలో కలుస్తున్నారని కబురొచ్చింది. మా అత్త మధ్యవర్తిగా పందెం కుదిరింది. విలన్‌ని చివరి దెబ్బ ఎవడు కొడితే వాడే అసలు హీరో. ఓడినవాళ్ళు ఏడాదిపాటు ఫోన్‌లో వాడి ఫొటోనే పెట్టుకోవాలి. పొద్దున్నే ఫోన్ తీస్తే బాబాయి హీరో నన్ను చూసి నవ్వుతాడన్న భయంతో నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

మార్నింగ్ షోకి వెళ్ళాం. ఇంటర్వెల్ దాకా ముగ్గురూ కలవలేదు. బాబాయి సంచి తీసుకుని లేచాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాను, పంతం మరిచిపోయి.

"ముగ్గురూ ఒక్కసారే తెర మీదకొస్తున్నార్రా. ఇంతమంది కళ్ళు పడితే దిష్టి తగలదూ?"

మా వైపు దిష్టి తీస్తే నాలుగు ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. బాబాయి మిర్చిలో మునిగి తేలే మనిషి, నాలుగుతో ఊరుకుంటాడా? సంచెడు తెచ్చాడు. తెర ముందు తిప్పి (తన హీరో పేరు చెప్పి ఇంకోసారి తిప్పడం నేను చూశాను), వరండాలో కుప్పపోసి కర్పూరంతో అంటించాడు. హాల్లోకి ఏసీ గాలి లాగే జాలీ ఆ పక్కనే ఉందని మాకెవరికీ తెలియదు.

ముగ్గురూ తెర మీదకొచ్చి వరసగా నిలబడ్డారు. హాలు హోరెత్తింది, వెంటనే దగ్గు మొదలైంది. అయిదు నిమిషాల్లో విలన్ తప్ప అందరూ ఏడుస్తున్నారు. జనమంతా రోడ్డు మీద పడ్డారు.

మేనేజరు తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవడ్రా ఈ పని చేసింది?" అని అరుస్తున్నాడు. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో, "ఇంత ఘాటొచ్చిందంటే మనోళ్ళకి దిష్టే లేదురా" అన్నాడు సంతోషంగా. షో ఆపేశారు. కుళాయి దగ్గర నా కళ్ళలో బావ నీళ్ళు కొట్టాడు, బావ కళ్ళలో నేను కొట్టాను. మాటలు కలిశాయి. పందెం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న సెలూన్‌లో, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలు కత్తిరించుకుంటుంటే టీవీలో ఆ సినిమానే వచ్చింది. చివర్లో ముగ్గురూ కలిసి ఒక్కడైపోయారు. ఆ ఒక్కడే చివరి దెబ్బ కొట్టాడు. దీనికోసమా అంత రభస చేశామని నవ్వొచ్చింది. కానీ ఎంత చూసినా, ఆ కలిసినవాడి ముక్కు మాత్రం మా రెండోవాడిదే. బాబాయికి ఫోన్ చేసి ఆ మాట చెబుదామనుకున్నాను. మళ్ళీ మాటలు ఆగిపోతాయని ఊరుకున్నాను.