మూడు గాట్ల పట్టీ

మామిడికాయలు తోలే మా తమ్ముడి వ్యాను వెనకభాగం కుంగిపోయింది. దాన్ని లేపడానికి రేణిగుంటలో బండి బరువు మోసే పాత కమాన్ పట్టీలు మూడు కొన్నాను. కొట్టువాడు దణ్ణం పెట్టేదాకా బేరమాడిన ఘనుణ్ణి, చిత్తూరు బస్సులో గోనెసంచి కాళ్ల దగ్గర పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను.

పక్కనున్న పెద్దాయన అడక్కుండానే సంచి విప్పి, ఒక్కో పట్టీని తాళంచెవితో తట్టాడు. రెండు ఖంగుమన్నాయి. అంచున మూడు గాట్లున్న మూడోది పలకలేదు.

“బండి ఎవురు తోలతారప్పా?”

“మా తమ్ముడు.”

“ఇది వెయ్యొద్దు. లోడు మీద మలుపు తిరిగితే ఇరిగిపోతాది.”

“సూస్తే బాగానే ఉండాదే!”

“నేనూ అట్లే అనుకుంటి. ఈ మూడు గాట్లు గుర్తుకని నేను పెట్టిచ్చినవే.”

“మరి మీ బండి యాడుండాది?”

ఆయన కిటికీలోంచి, వంతెన మీద విరిగిన పిట్టగోడను చూపించాడు. బస్సు అక్కడే ఆగింది. ఆయన దిగిపోయాడు.

“దిగేవాళ్లు లేకుండా బెల్లు కొట్టిందెవురబ్బా?” అని కండక్టరు అరిచాడు.

చిత్తూరులో మెకానిక్కు ఆ పట్టీని తిప్పి తిప్పి చూసి, పగులేమీ లేదన్నాడు. అయినా కొత్తవే వేయించాను, బేరమాడకుండా. ఆ పట్టీ మా ఇంటి వెనకే ఉంది. పాత ఇనుమువాడు మంచి ధరే చెబుతాడు. నేనే అమ్మను.