కిటికీల మీద పాత పేపర్లు

బెంగళూరులో కుందలహళ్ళి దగ్గర మేము కట్టిన ఆఫీసులోకి ఉద్యోగులు వచ్చిన రెండో రోజు, ఉదయం పదిన్నరకు, మొదటి అంతస్తు హాలు తలుపు తీసి వేరే గదిలోకి వచ్చాననుకున్నాను. ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. ఉత్తరం గోడ పొడవునా ఉన్న పద్నాలుగు కిటికీలకూ పాత న్యూస్‌పేపర్లు అతికించి ఉన్నాయి. కన్నడ పేపర్లు, తెలుగు పేపర్లు, ఇంగ్లీషు పేపరులో పెళ్ళి ప్రకటనల పేజీలు. చివరి కిటికీకి పేపరు చాలక చీరల పెట్టె అట్ట అడ్డం పెట్టారు. నా చేతిలో వెలుతురు కొలిచే మీటరు ఉంది. అలవాటుకొద్దీ దాన్ని ఒక టేబులు మీద పెట్టాను. ముల్లు కొంచెమే కదిలింది. తీసి జేబులో వేసుకున్నాను.

ఆ కిటికీల కోసం నేను పద్నాలుగు నెలలు పనిచేశాను. అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఒక చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఆర్కిటెక్టు మేడమ్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. వాళ్ళ తాతల కాలంలోనే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. పగలు లైటు వేయనక్కర్లేని, ఏసీ పెట్టనక్కర్లేని ఆఫీసు ఒకటి కట్టాలని ఆమె కోరిక. పునాది తవ్విన మట్టిలోనే కాస్త సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి ఇటుకలు చేయించింది. కిటికీలు ఎత్తుగా పెట్టి, వేడిగాలి పైకి పోయేలా పై రెక్కలు విడిగా తెరుచుకునేట్టు గీసింది.

నాకు హైస్కూలు రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు. పేజీలో మొదటి వాక్యం ఎప్పుడూ వాతావరణం గురించే ఉంటుంది. అది చూసి మేడమ్ వెలుతురు కొలిచే పని నాకు అప్పగించింది. హాలుకు అట్టతో నమూనా చేసి, బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంటి మేడ మీద ఆరుబయట పెట్టాను. ప్రతిరోజూ ఆఫీసుకు వెళ్ళే ముందొకసారి, వచ్చాక ఒకసారి, ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక గంటకొకసారి దాని లోపల మీటరు పెట్టి అంకె రాసుకునేవాణ్ణి. మా ఆవిడ అప్పట్లో నర్సు.

"పక్కింటావిడ అడిగింది, మీ ఆయనకు కళ్ళు సరిగ్గా కనబడవా, ఎప్పుడూ ఆ పెట్టెలో తల పెట్టుకుని ఉంటాడని," అంది ఒకరోజు.

"నువ్వేమన్నావు?"

"కళ్ళు బాగానే ఉన్నాయండీ, ఇబ్బందల్లా తలతోనే అన్నాను."

ఆఫీసు కట్టించుకున్నది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆ పని చూసే మేనేజరు మంచివాడే కానీ జాగ్రత్తపరుడు. ఏసీ లేకుండా కట్టడానికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఉద్యోగులు చేరాక మూడు నెలలు చూస్తాడు. వాళ్ళు సరేనంటే సరి, లేకపోతే కిటికీలన్నీ మూసేసి ఏసీ పెట్టిస్తాడు. మేడమ్‌కు ఇది మొదటి పెద్ద కట్టడం. ఇంకో ఇద్దరు, ఇది నిలబడితే మాకూ ఇలాగే కట్టండని చెప్పి కాచుకుని ఉన్నారు. ఆమె పదేళ్ళుగా చెబుతూ వచ్చిన మాట ఆ మూడు నెలల మీద ఆధారపడి ఉంది.

హాలు ఊడ్చే ఆవిడను పక్కకు పిలిచి, ఈ పేపర్లు ఎవరు అంటించారని అడిగాను.

"వాళ్ళే సార్. నిన్న వచ్చిందే వచ్చింది, పేపరుండాదా, అంటించే గమ్ముండాదా అని ఒకటే గలాటా. స్టోర్‌లో ఉండేదంతా ఇచ్చేసినా. ఇంకా కావాలంట."

కిటికీకి వీపు పెట్టి కూర్చున్న ఒక అమ్మాయి మా మాటలు వింటోంది. ఒంగోలు వైపు పిల్ల. కుర్చీ ఇటు తిప్పి, "అంకుల్, ఈ బిల్డింగ్ మీరే కట్టారా?" అంది.

"నేనూ ఉన్నానమ్మా అందులో."

"అయితే ఇలా రండి." తన వెనక కిటికీ మీద పేపరు ఒక మూల ఊడదీసింది. "ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఏం కనబడుతోంది?"

వంగి చూశాను. తెర మీద అక్షరాలు లేవు. తెల్లటి కిటికీ ఉంది. దాని ముందు బట్టతలతో నేను ఉన్నాను.

"రోజంతా నా మొహం నేనే చూసుకుంటే కోడ్ ఎవరు రాస్తారు అంకుల్?" అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

ఆ మధ్యాహ్నం విషయం చెప్పగానే మేడమ్ నిలబడ్డది కూర్చుంది. "మీ కొలత తప్పు ఉండదు కదా సార్," అంది. అందులో నింద లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఇంటికి వెళ్ళి డైరీలన్నీ మంచం మీద పరిచాను. అంకెలు ఒక్కటీ తప్పు లేవు. టేబులు ఎత్తులో తెల్ల కాగితం పెట్టి, దాని మీద పడే వెలుతురు కొలిచాను. చదువుకునేటప్పుడు వెలుతురు ఎడమ భుజం మీదుగా రావాలని బడిలో నేర్పారు కాబట్టి, అందరూ కిటికీలకు వీపు పెట్టి కూర్చునేట్టు టేబుళ్ళు వేయించిందీ నేనే. కాగితం మీద రాసేవాళ్ళకు ఆ హాలు చక్కగా సరిపోతుంది. కానీ అక్కడ కాగితం మీద రాసేవాళ్ళు ఒక్కరూ లేరు.

అలా వెనక్కి తిప్పుకుంటూ పోతే, నమూనా చేయడానికి రెండేళ్ళ ముందు పేజీ ఒకటి కనిపించింది. మబ్బు, సాయంత్రం జల్లు అని ఉంది. దాని కింద: 'మన ఆఫీసు కంప్యూటరును కిటికీ దగ్గర నుంచి తీసి లోపలి మూలకు మార్చాము. తెరలో కిటికీ తప్ప ఏమీ కనబడడం లేదు.' ఆ తర్వాతి వాక్యం కాఫీపొడి గురించి.

చేతిరాత నాదే. ఆ యంత్రం మోసిందీ నేనే. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో తెలియదు. తెలియక చేసిన తప్పయితే సర్దుకునేవాణ్ణి. తెలిసి, రాసి పెట్టుకుని, ఇక్కడ మళ్ళీ అదే తప్పు పద్నాలుగు కిటికీల పొడవున చేశాను. మా ఆవిడ వచ్చి ఒళ్ళు బాగాలేదా అని నుదురు పట్టుకు చూసింది.

మర్నాడు ఆ పేజీ మేడమ్ ముందు పెట్టాను. ఆమె నెమ్మదిగా చదివింది. "ఆ దినం వెనక వైరు పట్టుకుని వచ్చింది నేనే కదా సార్," అంది.

మేనేజరుకు దాచకుండా చెప్పాము. ఆయన రెండు వారాంతాలు ఇచ్చాడు. కుర్చీలు, టేబుళ్ళు అన్నీ పక్కకు తిప్పించి, కిటికీలు ఎవరి ముందూ వెనకా కాకుండా పక్కన వచ్చేట్టు వేశాము. నేల కింది వైర్లన్నీ మళ్ళీ లాగాల్సి వచ్చింది. కిటికీల బయట వెదురు తడికలు కట్టించాము. సోమవారం ఆ పిల్లలే పేపర్లు చింపేశారు. ట్యూబులైట్లు ఆర్పేశారు. ఒంగోలు అమ్మాయి తెర మీద వేలితో కొట్టి, "కనబడుతోంది అంకుల్," అంది. ఇక గట్టెక్కామనుకున్నాను.

మూడు నెలల గడువు ఏప్రిల్‌లో ముగిసింది. బయట ఎండ మాడ్చేస్తోంది. మేనేజరు హాల్లో అందరినీ నిలబెట్టి, మేడమ్ ముందే అడిగాడు. "ఫ్రాంక్‌గా చెప్పండి. ఏసీ కావాలనేవాళ్ళు చెయ్యెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. ఒక్కటి మిగిలినా నాకు కనబడేది. నేను వరసగా చూశాను. వెదురు తడికలు బాగున్నాయని నాతో చెప్పినవాళ్ళ చేతులు, మధ్యాహ్నం గాలి హాయిగా ఉందన్న వాళ్ళ చేతులు. స్తంభానికి తగిలించిన థర్మామీటరు దగ్గరికి వెళ్ళి, "ఇరవై ఏడు," అని గట్టిగా చదివాను. నవ్వులు వినిపించాయి.

"చల్లగానే ఉంది అంకుల్. లేదని ఎవరన్నారు?" అంది ఒంగోలు అమ్మాయి. ఆమె చెయ్యి ఇంకా దించలేదు.

"మరెందుకమ్మా?"

"మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేసుకున్నారు, మా అమ్మాయిది ఏసీ ఆఫీసని. నన్ను అడక్కుండానే. వచ్చే నెల చూడ్డానికి వస్తున్నారు. ఫ్యాను కింద కూర్చోబెట్టమంటారా?"

"మా రూమ్మేట్‌ది ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీ ఆఫీసు," అన్నాడు వెనక ఇంకొకడు. "మీది గోడౌనా అని అడుగుతున్నాడు."

మేనేజరు తల దించుకున్నాడు. మేడమ్ వైపు చూడడానికి ఆయనకూ మొహం చెల్లలేదు. తెర విషయంలో మేము చేసింది తప్పు, దిద్దుకున్నాము. దీన్ని ఏ మీటరు పెట్టి కొలవాలో, ఏ వైపు తిప్పి కూర్చోబెట్టాలో మాకు తోచలేదు. మేడమ్ లేచి, "సరే," అంది. అంతే. కాచుకుని ఉన్న ఆ ఇద్దరూ ఆ నెలలోనే వేరే ఆర్కిటెక్టులను చూసుకున్నారు.

మే నెలలో పై రెక్కలు కదలకుండా అతికించి, ఏసీ పెట్టారు. క్యాంటీను ఒక్కటే మేము కట్టినట్టే మిగిలింది. తర్వాతి ఏడాది దాన్ని కూడా మూసేసి ఏసీ పెట్టాలని కంపెనీవాళ్ళు నిర్ణయించి, కిటికీల కొలతలకు నన్ను పిలిపించారు. నాలుగు గంటల వేళ వెళ్ళాను. క్యాంటీను నిండిపోయి ఉంది. సగం మంది ఒంటి మీద స్వెటర్లు ఉన్నాయి. తెరిచిన కిటికీల దగ్గర ఎండలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఒంగోలు అమ్మాయి శాలువా కప్పుకుని ఉంది.

"లోపల ఒకటే చలి అంకుల్. ఇక్కడికొస్తే ప్రాణం లేచొస్తుంది," అంది.

"తగ్గించమని చెప్పొచ్చు కదమ్మా?"

"ఎవరికి చెప్పాలో తెలిస్తే కదా." నా చేతిలో టేపు చూసింది. "ఏంటిది, కొలతలు ఎందుకు?"

చెప్పాను. ఆమె కిటికీ వంక చూసి, గ్లాసు గట్టు మీద పెట్టింది.

"మమ్మల్ని ఎవరూ అడగలేదే," అంది.

"అడిగారు కదమ్మా."

కిటికీ వెడల్పాటిది. నేను ఒక్కణ్ణే పట్టుకుని కొలవలేకపోతున్నాను. ఆమె శాలువా భుజం మీదికి తోసుకుని, టేపు రెండో కొస అందుకుని, ఆ చివర చట్రానికి ఆనించి పట్టుకుంది.