మావ తడిపిన కాబూలీ వరుస

వ్యవసాయంలో డిప్లొమా చేసి, ఒక పరిశోధనా క్షేత్రంలో తాత్కాలిక ఉద్యోగానికి కుదిరిన కొత్తలో నాకు అప్పజెప్పిన పని శనగ రకాల పరీక్ష. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. టెక్కలి చుట్టుపక్కల వరి తరవాత మినుములో పెసలో చల్లుతారు గాని, శనగ వేసేవాళ్ళు నాకు తెలిసి లేరు. మా వైపు చలి తక్కువ, మాఘంలోనే ఎండ ముదురుతుంది. ఆలోపే కాసి చేతికొచ్చే రకం ఏదైనా ఉందేమో చూడాలని ఆ పరీక్షలు నడిపించే మా మేడం ఆలోచన.

రైతు మడిలోనే వేసి చూడాలన్నారు, అందుకని నేల కోసం టెక్కలి దగ్గరున్న మా మేనమామ దగ్గరికి వెళ్ళాను.

"మినుములేసుకుంటే ఇంటికి పప్పన్నా వత్తాది. నీ సెనగలు నాకేటి పెడతాయే?" అని గొణిగాడు.

అత్త కలగజేసుకుంది. "సదువుకున్న పిల్ల నోరు తెరిసి అడిగింది. ఆ రోడ్డు పక్క మడి ఇచ్చీ."

ఇచ్చాడు.

విత్తనాలు చిన్న చిన్న గుడ్డ సంచుల్లో వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో సేకరించినవి. కొన్ని గోధుమరంగువి, కొన్ని దాదాపు నల్లవి, కొన్ని తెల్లగా, లావుగా ఉన్న కాబూలీ శనగలు. అన్నీ శనగలేనంటే మావ ఒక పట్టాన నమ్మలేదు. ఒక్కో రకాన్నీ ఒక్కో వరుసగా, మడిలో మూడు చోట్ల విత్తాం. ఒకే చోట వేస్తే పంట బాగా రావడం మొక్క గొప్పదనమో, నేల గొప్పదనమో తేలదు.

మొలిచాక తేడాలు ఇంకా తెలిశాయి. కొన్ని నేలకు పరుచుకున్నాయి, కొన్ని నిటారుగా లేచాయి. గులాబీ పూలవి కొన్ని, తెల్లపూలవి కొన్ని. నేను పలాస నుంచి పొద్దుటి బస్సులో వచ్చి, ఏది ముందు పూసింది, ఎన్ని కొమ్మలేసింది, ఎన్ని కాయలు పట్టింది అని చూసి రాసుకునేదాన్ని. ఆకుల మీది మంచు చేతికంటుకుంటే పుల్లటి వాసన వచ్చేది.

గొణిగిన మావకి ఆ మడి మీద మనసు ఎప్పుడు మళ్ళిందో తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్ళని పిలిచి మరీ కాబూలీ వరుస చూపించేవాడు. "ఇది దొర సెనగ. గింజ గోళీకాయంతుంటాది" అనేవాడు.

జనవరి చివరికి నేల నెర్రెలిచ్చింది. చిన్న గింజల రకాలు అప్పటికే కాయలతో ఉన్నాయి. కాబూలీ ఇంకా పూత దశలోనే ఉండి, ఆకులు అంచుల్లో మాడుతున్నాయి. ఒక్క రోడ్డు వైపు కాబూలీ వరుస మాత్రం పచ్చగా, నిండుగా పూసి ఉంది. సంబరపడి వంగి మట్టి తీసి చూశాను. తడిగా ఉంది.

మావ గట్టు మీద గొడ్డుని కడుతున్నాడు.

"నీళ్ళు పోసేవా మావా?"

"పోసేను."

"పొయ్యొద్దని సెప్పేను కదా!"

"సెప్పేవు. కళ్ళెదురుగా ఎండిపోతంటే సూత్తూ కూకోమంటావేటి? పొద్దున్నే నూతికాడ నుంచి కావిడితో తెచ్చి పోత్తన్నాను."

"ఎండకి ఆగుతాదో లేదో సూడ్డానికే కదా ఏసేం."

"అంటే సావడానికా ఇన్ని రకాలేసేరు?"

నాకు కోపం వచ్చింది. అక్కడే గట్టు మీద కూర్చుని చెప్పాను. "ఆ సిన్న గింజ బేగి కాత్తాది. దీనిది పెద్ద గింజ, గాని ఆలస్యం. రెండింటికీ పెళ్ళి సేత్తే రెండు గుణాలూ ఉన్న పిల్ల పుట్టొచ్చు. దేనిలో ఏటి లోపమో తెలీకపోతే ఎవరితో ముడెడతాం?"

మావ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఈ మాట ముందే సెప్పొచ్చు గదే."

మర్నాడు మేడంకి చెప్పాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. ఆవిడ వచ్చి మడంతా తిరిగి, "రోడ్డు వైపు భాగం లెక్కలోంచి తీసేద్దాం. మిగతా రెండు చోట్లా బాగానే ఉన్నాయి కదా" అన్నారు. మావ వైపు తిరిగి, "ఎలాగూ మొదలెట్టారు, ఆ వరుసకి నీళ్ళు మానకండి. గింజ విత్తనానికి పనికొస్తుంది" అన్నారు. మావ మొహం అప్పుడు చూడాలి.

నీళ్ళు తగలని కాబూలీ వరుసల్లో సగం కాయలు తాలుపోయాయి. ఎవరూ పట్టించుకోని ఒక గోధుమరంగు రకం, నేలబారుగా పాకేది, అన్నిటికన్నా ముందు పండింది. గింజ చిన్నది, కాయలు మాత్రం కొమ్మ కనపడనంత. ఆ రెండింటినీ తరవాత వేరే ఊళ్ళో సంకరం చేశారని విన్నాను. వాటి పిల్లలు ఎలా వచ్చాయో నాకు తెలియదు. అప్పటికి నేను ఇంకో ఉద్యోగంలోకి మారిపోయాను.

మేడం ఇచ్చిన కాసిని గోధుమరంగు గింజల్ని మావ మరుసటి ఏడు మడిలో ఒక మూల వేశాడు. ఎండ ముదరకముందే పండాయి. అత్త గుగ్గిళ్ళు చేసి పక్కిళ్ళకి కూడా పెట్టింది. ఆపై ఏడు వెళ్ళేసరికి మడి నిండా మినుములే ఉన్నాయి.

"నీ సెనగ మంచిదే పిల్లా" అన్నాడు మావ. "మినుములైతే వరి కోతకి ముందు సల్లేత్తే అవే మొలుత్తాయి. దీనికి మళ్ళీ దున్నాల. నా ఎడ్లు ముసిలివైపోయేయి."