సీటు రాని రోజు పాఠం

నా చిన్నప్పుడు నాకు దయ్యాలంటే భయం లేదు, మా నాన్న మాటంటే భయం. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఆయన నోట ఒక మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు. నేను మెట్రిక్ పాసైన ఏడాది అలాంటి మాటే ఒకటి వచ్చింది. కలకత్తాలో పేరున్న ఒక కాలేజీలో సీటొస్తే నా వయొలిన్ ఉంటుంది, రాకపోతే అటక మీదికి పోతుంది.

దీనికంతా మూలం మా తాతయ్య. గార్డుగా రిటైరైన మనిషి. బంతి బాగా తన్నేవాళ్ళకీ, పాట బాగా పాడేవాళ్ళకీ రైల్వేలో ఉద్యోగాలివ్వడం ఆయన కళ్ళారా చూశాడు. లోకమంతా రైల్వే పద్ధతిలోనే నడుస్తుందని ఆయన నమ్మకం. పోటీల్లో నాకు రెండు కప్పులు రావడంతో, కాలేజీవాళ్ళు పిలిచి మరీ సీటిస్తారని ఇంటిల్లిపాదికీ చెప్పేశాడు. "లెక్కలు తరవాత సూసుకుందువు గానీ, ముందు వాయించు తల్లీ" అని పరీక్షల ముందు కూడా పొద్దస్తమానం సాధన చేయించాడు. లెక్కల్లో ఎలాగో గట్టెక్కాను, అంతే.

ఇంటర్వ్యూకి వెళ్ళే రోజు హౌరా లోకల్లో వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాను. పక్కన తాతయ్య, ఆయన సంచిలో తువ్వాలు చుట్టిన కప్పులు. కోలాఘాట్ వంతెన దాటేసరికి నాకు నోరెండిపోయింది.

కాలేజీలో పెద్ద మేడం ఆ కప్పుల్ని చేతిలోకి తీసుకుని చూసింది. వెక్కిరించలేదు. ఇద్దరమ్మాయిలకి మార్కులు సమానంగా ఉంటే సంగీతం వచ్చిన పిల్లవైపు మొగ్గుతామనీ, నా మార్కులు ఆ దరిదాపుల్లో లేవనీ బెంగాలీలో నెమ్మదిగా చెప్పింది. "కోటా నెయ్, దీదీ?" అంటూ, సంగీతానికి కోటా లేదా అని తాతయ్య నీరసంగా అడిగాడు. లేదంది. నన్ను వాయించమని ఎవరూ అనలేదు.

తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే జనమంతా విసుక్కున్నారు. నేనొక్కదాన్నే సిగ్నల్ ఇవ్వకూడదని దేవుడికి మొక్కుకున్నాను. నేను పెట్టె గొళ్ళెం టకటకా తీస్తూ వేస్తూ ఉంటే తాతయ్య దాని మీద చెయ్యి వేశాడు. వసపిట్టలా వాగే మనిషి అలా ఊరుకోవడం చూసి నా భయం రెట్టింపైంది.

స్టేషన్ బయట ఎక్కిన రిక్షా ఇంటివైపు తిరగలేదు. తాల్‌బగీచాలో మా వయొలిన్ టీచరమ్మ ఇంటిముందు ఆగింది. పాఠాలు మానిపిస్తున్నామని చెప్పడానికే తెచ్చాడనుకుని నేను రిక్షా దిగలేదు.

"ఇయ్యాల లచ్చివారం. పాఠం ఉంది కదేటి? ఎల్లు" అన్నాడు తాతయ్య.

ఆ పూట నేను వాయించినవన్నీ అపస్వరాలే. పాఠం అయ్యేదాకా ఆయన వరండాలో కూర్చుని విన్నాడు.

ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను తాతయ్య వెనక్కి నక్కాను.

"సీటు రానేదు. తప్పు నాదిరా, పిల్లది కాదు" అన్నాడు తాతయ్య. "పాఠం మట్టుకు అయిపోనాది."

నాన్న నా చేతిలోని పెట్టె కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. తరవాత పక్కకి తప్పుకుని, కాళ్ళు కడుక్కుని భోజనానికి రమ్మన్నారు. వయొలిన్ నా దగ్గరే ఉండిపోయింది.

నేను మా ఊరి కాలేజీలోనే చదువుకున్నాను. ఇప్పుడు పిల్లలకి వయొలిన్ నేర్పుతున్నాను. మా ఊరి హిజ్లీ ఇంజినీరింగ్ క్యాంపస్ నుంచి వచ్చే తెలుగు తల్లిదండ్రులు, ఈ సంగీతం సర్టిఫికెట్లు పెద్ద కాలేజీల్లో సీటుకి పనికొస్తాయా అని అడుగుతుంటారు. మార్కులు సమానమైతే కాస్త పనికొస్తాయని ఆనాటి మేడం మాటే చెబుతాను. వాళ్ళు ఆ ప్రశ్న అడుగుతుంటే పిల్లల మొహాలు ఎలా వాడిపోతాయో నాకు తెలుసు. అందుకే ఒక్క నియమం పెట్టాను. సీటు రాలేదని తెలిసిన రోజు మాత్రం ఎవరూ క్లాసు మానకూడదు. అలా ఏడుస్తూ వచ్చిన పిల్లని నేనేమీ అడగను. శ్రుతి చేసి వయొలిన్ చేతికిస్తాను.