కొత్త బుట్ట మీద కుంకుమ

పోయిన శుక్రవారం పొద్దున్న ఫోన్లో ఒక సందేశం వచ్చింది. మా మల్కాపురం ఆడవాళ్లందరం ఉన్న గ్రూపు అది. ఎవరింట్లో పెళ్లి, ఎవరి మోకాలికి ఏ తైలం అన్నీ అందులోనే తెలుస్తాయి. గాజువాకలో ఫలానా బేకరీలో కేకుల్లో సారా కలుపుతారట, మనవాళ్లెవరూ కొనొద్దు, పదిమందికి పంపితే సవాబు, పుణ్యం అని దాని సారాంశం. కింద అప్పటికే ముగ్గురు మాషా అల్లాలు పెట్టేశారు. నా వేలు కూడా పంపించే బాణం గుర్తు మీదికి వెళ్లింది. వెళ్లి అక్కడే ఆగి వణకడం మొదలుపెట్టింది. కోడలు చూసి, బీపీ మాత్ర వేసుకున్నారా అత్తమ్మా అని అడిగింది. వేసుకున్నానని చెప్పి, ఫోను బోర్లా పెట్టి, దాని మీద జల్లెడ కప్పి అవతల గదిలో కూర్చున్నాను. జల్లెడ ఎందుకని ఆ పిల్ల అడగలేదు. నా పనులకు కారణాలు అడగడం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు. కానీ ఆ వణుకు బీపీది కాదు. ఎనిమిదేళ్ల నాటి భయం అది. ఇప్పటికీ తగ్గలేదు.

అప్పట్లో మా వీధికి జాలరిపేట నుంచి ఒకామె చేపలు తెచ్చేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది కాబట్టి అప్పా అనేదాన్ని. ఆమె నన్ను బీబమ్మా అనేది. చేపల బుట్టతో బస్సెక్కనివ్వరని షేరాటోలో వచ్చేది. ఆటోలో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే, కూర తినేటప్పుడు కూడా అలాగే మూసుకోమనేదట. పొద్దున్న తొమ్మిదింటికి మా అరుగు మీద కత్తిపీట వేసుకుని కూర్చునేది. కానాగంతలు, వంజరం, ఒక్కోసారి నెత్తళ్లు. ఒక చేత్తో చేప శుభ్రం చేస్తూ ఇంకో చేత్తో మా వీధి పిల్లులకు వాటా వేస్తూ, మా అందరి కాన్పుల లెక్క నోటితో చెప్పేది. మా ఆఖరివాడికి పాలు చాలకపోతే సొరచేప వండుకోమని చెప్పి, మర్నాడు తనే వెతికి తెచ్చింది. ఆమెతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఏటా గంగమ్మ పండగ రోజుల్లో చెప్పాపెట్టకుండా మానేసేది. సముద్రంలో చేపలుండి కూడా మాకు పప్పే గతి అని నేను గొణుక్కునేదాన్ని. పదకొండేళ్లు అలా గొణుక్కున్నానే తప్ప ఎందుకు రావట్లేదని ఒక్కసారీ అడగలేదు.

ఆదివారాలు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత మా ఫుప్పూ ఇంట్లో ఆడవాళ్ల సమావేశం జరిగేది. ఫుప్పూ అంటే మా నాన్నగారి చెల్లెలు, మేనత్త. సన్నగా, పొట్టిగా ఉండేది గానీ ఆమె గొంతు విప్పితే బయట ఆడుకునే పిల్లలు కూడా నెమ్మదించేవారు. నమాజు, రోజా ఉపవాసం సరే, నీ చేతి నుంచీ నోటి నుంచీ పక్కవాళ్లు క్షేమంగా ఉన్నారా అన్నది ఈమాన్‌కి, మన విశ్వాసానికి అసలు పరీక్ష అనేది. ఇస్లామీ సమాజం కట్టాలని మగాళ్లు మైకుల్లో చెబుతారు, అది మైకులో పుట్టదు, నీ గుమ్మం ముందుకొచ్చిన మనిషి నీకు భయపడకుండా వెళ్లగలిగితే అక్కడ మొదలవుతుంది అనేది. నేను ముందు వరసలో కూర్చుని ఇవన్నీ పొడుగు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆకుపచ్చ ఇంకుతో, కింద గీతలతో. అంత అందంగా రాసుకున్నదాన్ని ఆచరించే తీరిక మాత్రం నాకు లేకపోయింది.

ఒక ఆదివారం ఫుప్పూ తర్వాతి నమాజుకు వుజూ చేసుకోవడానికి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. ఇరవైమందిమి ఉన్నాం. తినదగినవి, తినకూడనివి అనే మాట వచ్చింది. ఒకామె ఏదో నూనె గురించి చెప్పింది, ఇంకొకామె మందు క్యాప్సూళ్ల గురించి చెప్పింది. నాకూ ఏదైనా చెప్పాలనిపించింది. ముందు వరసలో కూర్చున్నదాన్ని, నోరు మూసుకుని ఉంటే ఏం బాగుంటుంది? ఆ పొద్దున్నే చేపలప్ప బుట్ట అంచు మీద పసుపు, కుంకుమ చూశాను. అదే చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ చేపలు గంగమ్మ ముందు పెట్టి, మొక్కి, తర్వాత మనకు తెస్తోంది, ఇన్నాళ్లూ మనం తిన్నది అదే అనేశాను. నేను చూసింది కుంకుమ మాత్రమే. మిగతాదంతా నోట్లోంచి బయటికి వస్తూ వస్తూ తయారైంది. అందరూ చెంపలు వేసుకున్నారు. ఫుప్పూ తడి కాళ్లతో తిరిగి వచ్చేసరికి వీధి తీర్పు ఇచ్చేసింది. చూశావా అని అడిగేది ఆమె ఒక్కతే. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచి తలుపులు మూసుకున్నాయి. చేపలమ్మా అనే కేక ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి వచ్చేది. నాలుగో రోజు ఆమె మా అరుగు ముందు నిలబడి, "ఏటైనాది బీబమ్మా? నా వల్ల తప్పేటైనా జరిగిందా?" అని అడిగింది. పిల్లలకు చేపలు పడటం లేదన్నాను. పిల్లలు ఆమె వెనకే నిలబడి బుట్టలోకి తొంగిచూస్తున్నారు. ఆమె వాళ్లను చూసింది, నన్ను చూసింది, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ వారం తర్వాత రావడం మానేసింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు హాయిగానే అనిపించింది.

భయం నెల తర్వాత వచ్చింది. ఆ ఆదివారం ఫుప్పూ ఖయామత్ రోజు గురించి, ఆ చివరి తీర్పు గురించి చెప్పింది. అల్లాహ్ తనకు చేసిన తప్పుల్ని తలచుకుంటే మాఫ్ చేస్తాడు, మనుషులకు చేసిన అన్యాయం మాత్రం ఆ మనుషులే మాఫ్ చేయాలి. చూడనిదాన్ని చూశానని ఒకరి మీద వేసిన మాటకు ఆ రోజు మన నమాజులు, రోజాలు తీసి వాళ్లకిస్తారు, అవి చాలకపోతే వాళ్ల పాపాలు మనకెత్తుతారు అంది. వెనక నుంచి ఎవరో, అవతలివాళ్లు మనవాళ్లు కాకపోతే అని అడిగారు. అన్యాయానికి మతం ఏంటి, అలాంటివాళ్ల తరఫున ప్రవక్తే మన మీద వాదిస్తారు అంది. నా చేతిలో కలం ఆగిపోయింది. ఆ సాయంత్రమే మా వీధి ఆటో అతను, చేపలప్పకి ఆయాసమట, పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారట అని చెప్పాడు. ఆమె పోతే నన్ను మాఫ్ చేసేవాళ్లు ఈ లోకంలో ఉండరు. నమాజులో నిలబడితే ఈ నమాజు ఎవరి ఖాతాలోకి పోతుందో అనిపించేది.

ఫుప్పూ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. "నా దగ్గర ఏడ్సి ఏటి లాభం? మాఫ్ సెయ్యాల్సింది నాను కాదు. ఆవిడ ఊపిరి ఉండగా ఎల్లు" అంది.

ఆసుపత్రిలో అడిగితే ముందురోజే ఇంటికి పంపించామన్నారు. అక్కడి నుంచి జాలరిపేటకు ఆటో ఎక్కాను. దారంతా ఒక్కటే వాక్యం వల్లె వేసుకున్నాను. ఆటో దిగాక ఒక విషయం అర్థమైంది. ఆమె పేరు నాకు తెలియదు. పదకొండేళ్లు ఆమె చేతి చేపలు తిన్నాను, పేరు అడగలేదు. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయనని చేపలమ్మే ఆమె ఇల్లెక్కడ అని అడిగితే ఆయన చుట్టూ చూసి, ఏ ఇల్లు కావాలో ఎంచుకోమన్నాడు. ముందు పళ్ల మధ్య సందు, చేతి మీద తేలు పచ్చబొట్టు, మల్కాపురం వచ్చేది అని ఒక్కొక్కటే చెబుతూ గంటసేపు సందులు తిరిగాను. ప్రతి గుమ్మం దగ్గరా, ఏడుపు వినిపిస్తుందేమోనని ముందు చెవి ఒగ్గి, తర్వాతే అడుగు వేశాను.

ఆమె చాప మీద గోడకు చేరబడి ఉంది. సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి లేవబోయింది. నేను కూలబడి, వల్లె వేసుకున్న వాక్యం మర్చిపోయి, తోచినట్టు చెప్పేశాను. ఆమె ఆయాసపడుతూ గోడకు ఇంకాస్త జరిగి కూర్చుంది.

"కొత్త బుట్ట బీబమ్మా అది. కొత్తదేదైనా పసుపెట్టి, బొట్టెట్టకుండా మేం వాడం" అంది. ఊపిరి తీసుకుని, "గంగమ్మకెట్టినవి మీరు తినరని నాకు తెల్దేటి? పదకొండేళ్లు మీ అరుగు మీద కూకున్నాను. అందుకే గదా పండగ రోజుల్లో మీ ఈదికి రావడం మానేసేదాన్ని. పొరపాటున ఆ సేప ఈ సేపలో కలిసిపోద్దేమోనని" అంది.

నేను తలెత్తలేకపోయాను. నా దీన్‌ని, నా ధర్మాన్ని, నా గుమ్మం దగ్గర అన్నేళ్లు కాపాడింది ఆమె. నేను ఆకుపచ్చ ఇంకుతో గీతలు గీసుకున్నాను. మాఫ్ చెయ్యి అప్పా అన్నాను.

"నాకొక్కదానికి సెప్తే ఏటౌద్ది? నా మొకం సూసి తలుపులేసినోలందరికీ సెప్పు. అప్పుడు సూద్దాం" అంది.

ఆదివారం ఇరవైమంది ముందు నిలబడ్డాను. నోటుబుక్కు లేదు. నేను చూడలేదు, కల్పించాను అని చెప్పి, బుట్ట సంగతి, పండగ రోజుల సంగతి చెప్పాను. ఫుప్పూ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ మర్నాడు మా వీధి నుంచి ఆరుగురం జాలరిపేట వెళ్లాం. ఇద్దరు దారిలో నన్నే తిట్టారు, వాళ్లు తలుపులు వేసిన సంగతి మర్చిపోయి. నేను ఆ మాటలు పడ్డాను.

రెండు నెలలకు ఆయాసం కాస్త తగ్గి ఆమె మళ్లీ వచ్చింది. అరుగు మీద బుట్ట దించింది. అదే బుట్ట. అంచు గీకి గీకి కడిగి ఉంది, ఎక్కడా ఎర్ర మచ్చ లేదు. అది చూసి నాకు తలుపు వెనక్కి పోయి ఏడవాలనిపించింది. అందరికీ చెప్పాను, ఇప్పుడు మాఫ్ చేశావా అప్పా అని అడిగాను. "సేపలు సూడు బీబమ్మా, ఎండెక్కిపోతంది" అంది. ఇంకో నెలాగి మళ్లీ అడిగాను. చేప తోక కోస్తూ నవ్వి, పిల్లికి వాటా విసిరింది. మూడోసారి అడగడానికి ధైర్యం చాలలేదు. చెయ్యలేదు అంటుందేమోనని. అలా ఏడాదిన్నర వచ్చింది. తర్వాత ఒక పొద్దున్న ఆమె కోడలు బుట్టతో వచ్చి, అత్త పోయిందని చెప్పింది.

ఫుప్పూని అడిగాను, నా సంగతేంటని. చేపలావిడ మళ్లీ నీ గుమ్మం ఎక్కింది, దాన్ని పట్టుకో, మిగిలింది ఖయామత్ రోజున తెలుస్తుంది, ఆ భయాన్ని మాత్రం పోగొట్టుకోకు, అది నీకు పనికొస్తుంది అంది. ఇప్పుడు ఫుప్పూ కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం జల్లెడ తీసి ఫోను చేతిలోకి తీసుకున్నాను. బేకరీ సందేశం కింద, మీలో ఎవరు చూశారు అని రాశాను. ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. ఫుప్పూ కాళ్లు కడుక్కుని వచ్చేంతసేపట్లో నేనన్న ఒక్క మాటకు ఎనిమిదేళ్లుగా మాఫీ వెతుక్కుంటున్నాను, ఇంకెన్నేళ్లు మిగిలాయో తెలియదు.