మల్లయ్య తాత పోగొట్టుకున్న రెండు వేళ్ళు

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. జోగిపేటలో మా కిరాణా కొట్టు గుమ్మానికి నానమ్మ కట్టిన దిష్టి నిమ్మకాయను తెంపి షర్బత్ చేసుకుని తాగినవాణ్ణి నేను. నానమ్మ తిట్లు తప్ప నాకేమీ కాలేదు. కాబట్టి ఇది చదివి నన్ను పిరికివాడి కింద జమకట్టకండి.

నాలుగేళ్ళ కిందట పటాన్‌చెరు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. దాని పేరు చెప్పను. ఉండటం ముత్తంగి దగ్గర ఒక ప్రైవేటు హాస్టల్లో. చుట్టూ గోదాములు, పగలంతా లారీల మోత.

అక్కడ వంశీ అని మూడో సంవత్సరం వాడొకడు ఉండేవాడు. కొట్టువాళ్ళ అబ్బాయినని తెలిసి మొదటి వారమే నాకు 'సేటు' అని పేరు పెట్టాడు. ముందు వాడూ వాడి జతగాళ్ళూ గుంజీళ్ళు తీయించారు, పాటలు పాడించారు. తర్వాత బెల్టు బయటికొచ్చింది. బాత్రూం గోడకు ఆనించి ఇద్దరు పట్టుకుంటే వంశీ కొట్టేవాడు, అదీ బకిల్ ఉన్న వైపుతో. ఒకసారి పెదవి చీలి పన్ను ఊడింది. ఇంకోసారి చెవి మీద కొడితే మూడు రోజులు ఈల మోగుతూనే ఉంది.

ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం మెస్‌లో కూర బాగుందని చెప్పేవాణ్ణి. మా నాన్న గొంతెత్తి ఎవరినీ ఒక మాట అన్న మనిషి కాదు. వచ్చి వీళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడేమోనని నా భయం.

హాస్టల్ వాచ్‌మన్ మల్లయ్య తాత. అంతకుముందు ఒక ఫ్యాక్టరీలో రేకులు వంచే ప్రెస్ మెషీన్ మీద ఇరవై ఏళ్ళు పనిచేశాడు. కుడి చేతికి చూపుడు వేలు, మధ్య వేలు లేవు. మొదలంటా తెగిపోయాయి. నా చెవి చూసి ఏమీ అడగకుండా ఉప్పు మూటతో కాపడం పెట్టింది ఆయనే. ఆ తర్వాత గేటు దగ్గర ఆయన పక్కనే కూర్చుని చదువుకునేవాణ్ణి. తిన్నావా అని అడిగే మనిషి అక్కడ నాకు ఆయనొక్కడే.

వేళ్ళ సంగతి ఒకరోజు తనే చెప్పాడు. ఆ మెషీన్‌కు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనుంచి అచ్చు దిగుతుంది. అప్పుడు చెయ్యి దాని కింద ఉండే వీలే లేదు. కానీ పని జల్దీ కావాలని వీళ్ళు ఒక బటన్‌లో చెక్కముక్క ఇరికించి, ఒక చేత్తో రెండోది నొక్కుతూ, ఇంకో చేత్తో రేకు సర్దేవారట.

"మెషీన్ తప్పు లేదు బిడ్డా. ఆపేటిదానికి నేనే కట్టె వెట్టిన," అన్నాడు.

ఆ వేళ్ళు దొరకలేదు. తుక్కుతో పాటే పోయాయట.

దసరా సెలవుల తర్వాత ఒక రెండో శనివారం, కాలేజీ లేదు. వంశీ నా ఫోన్ లాక్కుని మా అమ్మకు వీడియో కాల్ చేశాడు. నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, అమ్మ చూస్తుండగా చెంపలు వాయించాడు. ఫోన్లో అమ్మ ఏడుస్తుంటే వీళ్ళు నవ్వారు. కాసేపటికి నాన్న బస్సెక్కానని మెసేజ్ పెట్టాడు.

నాన్న వచ్చేలోపే తేల్చేయాలనుకున్నాను. పక్కన కడుతున్న గోదాములోంచి ఇనుప చువ్వ తెచ్చాను. మధ్యాహ్నం రెండు గంటలు. వంశీ మెస్‌లో నాకు వీపు పెట్టి అన్నం తింటున్నాడు. బెదిరిద్దామని పోలేదు నేను, చంపడానికే పోయాను. ఈ మాట దాచను.

చువ్వ ఎత్తాను. చెయ్యి కిందికి రాలేదు.

ఎవరో వెనకనుంచి నా మణికట్టు పట్టుకున్నారు, ఎముక నలిగేంత గట్టిగా. తిరిగి చూస్తే వెనక నీళ్ళ డ్రమ్ము, గోడ. మనిషి లేడు. పట్టు మాత్రం వదల్లేదు. నొప్పికి వేళ్ళు విడిపోయి చువ్వ కింద పడ్డాకే వదిలింది. వంశీ తిరిగి చువ్వను చూశాడు, నన్ను చూశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను గేటు దగ్గరికి పరుగెత్తాను.

తాత అక్కడ లేడు. షుగర్ పరీక్షకు పొద్దున్నే సంగారెడ్డి ఆసుపత్రికి పోయాడు. నేను చువ్వ ఎత్తిన వేళకు అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వెంట వెళ్ళిన కోడలు కూడా అదే చెప్పింది.

నాన్న వచ్చాడు. అయిదింటికి తాతా వచ్చాడు. ఇద్దరికీ అంతా చెప్పి చెయ్యి చూపించాను. మణికట్టు మీద నల్లగా కమిలిన రెండు వేళ్ళ గుర్తులు. రెండే. బొటనవేలిది లేదు, మిగతావాటివీ లేవు. ఒకదాని మొదట్లో చర్మం సన్నగా గీత పడి తెగింది.

తాత తన కుడి చెయ్యి తెచ్చి నా మణికట్టు మీద వేశాడు. ఆయన వేళ్ళు తెగిన చోట ఆ గుర్తులు మొదలయ్యాయి. నా చేతి మీద ఆయన చెయ్యి నిండుగా కనబడింది.

"గీ ఏలుకు రాగి ఉంగురం ఉండె. మా అవ్వ తొడిగింది. నీకెన్నడు చెప్పలె గద?" అన్నాడు తాత, గీత పడ్డ గుర్తు చూపించి.

చెప్పలేదు.

సోమవారం ముగ్గురం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. నేను భయపడినట్టు నాన్న చేతులు కట్టుకోలేదు. నా ఊడిన పన్ను, చెవి చూపించి, కేసు పెట్టేదాకా కుర్చీలోంచి లేవనన్నాడు. చువ్వ సంగతి నేనే ఒప్పుకున్నాను. తాత ఉద్యోగం పోతుందని తెలిసీ సాక్షి సంతకం పెట్టాడు. వంశీని కాలేజీలోంచి తీసేశారు. హాస్టల్‌కు చెడ్డపేరు తెచ్చాడని తాత ఉద్యోగమూ తీసేశారు. నాన్న నా సామాను సర్ది, తాత ఇంటి పక్కనే నాకు గది కిరాయికి తీసుకున్నాడు.

నా ఎడమ చేత్తో నేనే పట్టుకుని ఉంటానని, చువ్వ సంగతి మీద నన్ను పంపిన కాలేజీ కౌన్సెలర్ అన్నది. అలాగే అనుకుందామని చాలా ప్రయత్నించాను. మరి బొటనవేలి గుర్తు ఏమైంది? ఉంగరం గీత ఎక్కడిది? నేను ఎన్నడూ ఉంగరం పెట్టుకోలేదు.

దయ్యాలంటే ఇప్పటికీ నమ్మను. కమిలిన మచ్చలు పది రోజుల్లో పోయాయి, గీత మిగిలింది. తాతకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. నేను వెళ్ళగానే ముందు నా చెయ్యి అడుగుతాడు.

"ఉన్నదా?" అంటాడు తడుముతూ.

"ఉంది తాతా," అంటాను.